‘వృథా’ వాయువు నిజంగా వృథాయేనా?

ఉక్కు కర్మాగారం పొగగొట్టం దాకా వచ్చిన వాయువును దారి మళ్లించి, బ్యాక్టీరియాకు మేపి, ఇథనాల్ తీయడం ఇప్పుడు ప్రయోగశాల ముచ్చట కాదు. చైనాలోని హెబెయ్ ప్రావిన్స్‌లో షౌగాంగ్ సంస్థ ఉక్కు మిల్లు పక్కన 2018లో తొలి వాణిజ్య ప్లాంటు మొదలైంది. బెల్జియంలోని ఘెంట్‌లో ఆర్సెలార్ మిత్తల్ దాదాపు 20 కోట్ల యూరోలు వెచ్చించి, ఏడాదికి 8 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయగల ప్లాంటును 2022 డిసెంబరులో ప్రారంభించింది. హరియాణాలోని పానిపట్ రిఫైనరీలో ఇండియన్ ఆయిల్ రోజుకు 128 కిలోలీటర్ల సామర్థ్యంతో మరొకటి కట్టింది. మూడింటి వెనకా ఉన్న పరిజ్ఞానం లాంజాటెక్ అనే కంపెనీది. ఈ ప్లాంట్ల గురించి వచ్చే వార్తలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: కాలుష్యం కాస్తా ఇంధనమైపోయిందని. ఇందులోని జీవశాస్త్రం గొప్పదే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ వాతావరణానికి ఒరిగే మేలు బ్యాక్టీరియా నేర్పును బట్టి ఉండదు. ఆ వాయువు నిన్నటిదాకా ఏ పనికి వెళ్లేది, ఇవాళ ఆ పని నడపడానికి దాని బదులు ఏం కాలుస్తున్నారు అన్న లెక్కను బట్టి ఉంటుంది. ఆ లెక్క అడగకుండా మద్దతు ధరలు, రాయితీలు, హరిత ముద్రలు ఇచ్చేస్తే, కార్బన్ ఒక పొగగొట్టం నుంచి మరో గొట్టానికి మారడానికి మనం డబ్బు కట్టినవాళ్లమవుతాం.

ముందు ఆ జీవి సంగతి చూద్దాం. క్లాస్ట్రీడియం ఆటోఇథనోజీనమ్ అనే ఈ బ్యాక్టీరియాను కుందేలు పెంటికల నుంచి వేరుచేసినట్టు 1994లో ప్రకటించారు. దాని దగ్గరి బంధువు క్లాస్ట్రీడియం ల్యుంగ్‌డాలీ దొరికింది కోళ్ల పెంటలో. గాలి తగలని చోట బతికే ఈ జీవులు కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను తిని అసిటిక్ ఆమ్లం, ఇథనాల్ వదులుతాయి. ఈ జీవక్రియా మార్గాన్ని వెలికితీసిన హార్లండ్ వుడ్, లార్స్ ల్యుంగ్‌డాల్ పేర్లతోనే దాన్ని పిలుస్తారు. భూమ్మీద ఆక్సిజన్ లేని కాలం నుంచీ నడుస్తున్న అతి పాత మార్గాల్లో ఇదొకటని జీవశాస్త్రవేత్తలు భావిస్తారు. లోహ ఉత్ప్రేరకాలతో ఇదే పని చేయాలంటే అధిక ఉష్ణోగ్రత, అధిక పీడనం కావాలి. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ఒక నిష్పత్తిలో ఉండాలి. గంధకం ఆనవాళ్లు కూడా ఉండకూడదు. బ్యాక్టీరియాకు 37 డిగ్రీల వెచ్చదనం చాలు, వాయువుల పాళ్లు కొంత అటూఇటూ అయినా సర్దుకుంటుంది, గంధకాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది. పూటపూటకూ పాళ్లు మారిపోయే పారిశ్రామిక వాయువుకు ఇది పెద్ద వెసులుబాటు. పైగా ఇథనాల్ చేయడం దానికి పుట్టుకతో వచ్చిన విద్యే. జన్యువులు మార్చి కొత్తగా నేర్పవలసింది అంతకు మించిన పనులు.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. బ్యాక్టీరియాకు కార్బన్ ఒక్కటే ఉంటే చాలదు, శక్తి కావాలి. ఆ శక్తి కార్బన్ మోనాక్సైడ్‌లో ఉంది, కార్బన్ డయాక్సైడ్‌లో లేదు. మొదటిది సగం కాలిన బొగ్గులాంటిదైతే రెండోది బూడిద. వార్తల్లో ఈ రెంటినీ కలిపి ‘కార్బన్ ఉద్గారాలు’ అనేస్తుంటారు గానీ, ఈ పరిశ్రమ భవితవ్యమంతా వాటి మధ్య ఉన్న తేడాలోనే ఉంది. హైడ్రోజన్ ఏమీ లేకుండా కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే ఇచ్చామనుకోండి: ఆరు అణువులు తిని బ్యాక్టీరియా ఒక ఇథనాల్ అణువును ఇస్తుంది, నాలుగు కార్బన్ డయాక్సైడ్ అణువులను బయటికి వదులుతుంది. అంటే లోపలికి పోయిన కార్బన్‌లో మూడో వంతే ఇథనాల్‌లోకి చేరింది, మిగతా రెండు వంతులూ పొగగొట్టంలోకే పోయాయి. ఇది బ్యాక్టీరియా చేతగానితనం కాదు, రసాయన సమీకరణం విధించిన హద్దు. ఏ జన్యు ఇంజినీరూ దాన్ని దాటలేడు. హైడ్రోజన్ తోడైతే లెక్క మారుతుంది. రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులకు నాలుగు హైడ్రోజన్ అణువులు జతచేస్తే కార్బన్ అంతా ఇథనాల్‌లోకే వెళుతుంది.

మరి కార్బన్ డయాక్సైడ్‌కే హైడ్రోజన్ కలిపి మేపితే? బ్యాక్టీరియాకు అదీ చేతనవును. కానీ ఒక లీటరు ఇథనాల్‌కు సుమారు 200 గ్రాముల హైడ్రోజన్ పడుతుంది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. అంటే లీటరుకు పది, పదకొండు యూనిట్లు. ఆ లీటరులో చివరికి మిగిలే శక్తి ఆరు యూనిట్ల లోపే. యూనిట్ 5 రూపాయలనుకున్నా ఒక్క కరెంటు ఖర్చే 50 రూపాయలు దాటుతుంది. సి-హెవీ మొలాసిస్ నుంచి తీసిన ఇథనాల్‌కు 2024-25లో కేంద్రం నిర్ణయించిన ధర లీటరుకు 57 రూపాయల 97 పైసలు. ప్లాంటు, జీతాలు, బట్టీ పట్టే ఖర్చు అన్నీ మిగిలిన ఆ ఎనిమిది రూపాయల లోపే ఇమడాలి. పైగా ఆ కరెంటు బొగ్గు నుంచి వచ్చిందైతే కార్బన్‌ను తగ్గించే మాట అటుంచి, పెంచినట్టే. అందుకే ఇప్పటిదాకా నిలదొక్కుకున్న పెద్ద ప్లాంట్లన్నీ అప్పటికే శక్తి నిండి ఉన్న వాయువుల మీద ఆధారపడ్డవే.

కానీ శక్తి నిండిన వాయువును ఏ కర్మాగారమైనా ఊరికే గాలికి వదులుతుందా? ఉక్కు మిల్లులో మూడు రకాల వాయువులు పుడతాయి. కోక్ ఓవెన్ గ్యాస్‌లో సగానికి పైగా హైడ్రోజన్, పావు వంతు మీథేన్ ఉంటాయి. ఎల్‌డీ కన్వర్టర్ గ్యాస్‌లో అరవై శాతానికి అటూఇటూగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో సగం నైట్రోజనే, కార్బన్ మోనాక్సైడ్ నాలుగో వంతుకు మించదు. విశాఖ ఉక్కు కర్మాగారం సహా ఏ సమగ్ర ఉక్కు కర్మాగారాన్ని చూసినా ఈ వాయువులు గ్యాస్ హోల్డర్లలోకి చేరి, అక్కడి నుంచి కొలుములు వేడిచేయడానికి, బాయిలర్లకు, సొంత విద్యుత్ కేంద్రానికి వెళతాయి. హోల్డర్ నిండిపోయినప్పుడో, ఏదో యూనిట్ ఆగినప్పుడో కొంత భాగం ఫ్లేర్‌లో కాలిపోతుంది. ఆ భాగం ఒక్కటే అసలైన వృథా. మిగతాదాన్ని ఇథనాల్‌కు మళ్లిస్తే ఆ బాయిలర్ ఆగదు. దానికి బొగ్గో, సహజవాయువో, గ్రిడ్ కరెంటో కావాలి. పానిపట్‌లోనూ ఇదే సంగతి. అక్కడ వాడేది హైడ్రోజన్ యూనిట్ నుంచి వచ్చే తోక వాయువు. మామూలుగా రిఫైనరీల్లో దాన్ని ఆ యూనిట్ కొలిమిలోనే ఇంధనంగా మండిస్తారు. దాన్ని తీసుకుంటే ఆ కొలిమికి మరో ఇంధనం ఇవ్వాల్సిందే. యూరోపియన్ యూనియన్ ఈ సంగతి గుర్తించింది. పునర్వినియోగ కార్బన్ ఇంధనాలకు అది ఖరారు చేసిన లెక్కల పద్ధతి ప్రకారం, పారిశ్రామిక వాయువును పాత పని నుంచి తప్పిస్తే, ఆ లోటు భర్తీ చేయడానికి పుట్టే ఉద్గారాలను కొత్త ఇంధనం ఖాతాలోనే రాయాలి. అలా రాశాక కూడా శిలాజ ఇంధనం కన్నా 70 శాతం తక్కువ తేలితేనే గుర్తింపు. మన దగ్గర ఇలాంటి వాయువుల ఇథనాల్‌కు ‘మూడో తరం’ అని పేరు పెట్టేశారు, పద్దు మాత్రం రాయలేదు.

దీనికి ప్లాంట్ల పక్షాన గట్టి జవాబే ఉంది. వాయువును పాత బాయిలర్‌లో కాలిస్తే దాని శక్తిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది. బ్యాక్టీరియా సిద్ధాంతరీత్యా అయిదింట నాలుగు వంతుల శక్తిని ఇథనాల్‌లో నిలుపుతుంది. కాబట్టి మళ్లించడమే లాభం కాదా అంటారు. వినడానికి సబబుగానే ఉంది. అయితే ఆ శక్తి చేరవలసిన చోటు దాకా లెక్క సాగించాలి. కారు చక్రం తిప్పడమే లక్ష్యమైతే, ఇథనాల్ మండించే ఇంజిన్ తన శక్తిలో పావు వంతును మించి చక్రానికి ఇవ్వదు. అంటే మొదటి వాయువులోని శక్తిలో చక్రానికి చేరేది అయిదో వంతు. అదే వాయువును కరెంటు చేసి విద్యుత్ కారుకు పెడితే, దారి నష్టాలు పోను నాలుగో వంతు దాకా చేరుతుంది. ఇథనాల్‌ను నీళ్ల నుంచి వేరుచేయడానికి పట్టే ఆవిరిని ఇందులో కలపనే లేదు. బ్యాక్టీరియా తొట్టెలోంచి వచ్చే ద్రవంలో ఇథనాల్ కొద్ది శాతమే ఉంటుంది, మిగతాదంతా నీరు. కాబట్టి పెట్రోలులో కలపడం కోసమే ఈ పరిజ్ఞానమైతే అది చిన్న లాభానికి పెద్ద శ్రమ. కరెంటు చేయలేని పని ఎక్కడుందో అక్కడ దీన్ని వాడాలి. రసాయనాలు, పాలిమర్లు, కొంతవరకు విమాన ఇంధనం అలాంటివి. 2018 అక్టోబరులో లాంజాటెక్ ఇథనాల్ నుంచి తీసిన ఇంధనం కలిపి వర్జిన్ అట్లాంటిక్ విమానం ఓర్లాండో నుంచి లండన్ గాట్విక్‌కు ఎగిరింది. అట్లాంటిక్ దాటించే బ్యాటరీ ఇప్పట్లో రాదు కనుక ఆ ప్రయోగానికి ఒక అర్థం ఉంది.

జన్యు ఇంజినీరింగ్ అక్కరకొచ్చేది ఈ చోటే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కార్డైట్ పేలుడు పదార్థానికి అసిటోన్ కావలసి వచ్చినప్పుడు, ఇదే వంశానికి చెందిన మరో బ్యాక్టీరియాతో పిండిపదార్థాన్ని పులియబెట్టి అసిటోన్ తీసే పద్ధతిని రసాయనవేత్త చైమ్ వైజ్‌మన్ బ్రిటన్‌కు అందించాడు. అప్పుడు ముడిసరుకు మొక్కజొన్న. లాంజాటెక్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన పనిలో ఆ అసిటోన్ విద్యనే వాయువు తినే బ్యాక్టీరియాకు నేర్పారు. పాత పారిశ్రామిక బ్యాక్టీరియాల సేకరణను జల్లెడపట్టి తగిన ఎంజైముల జన్యువులను ఏరారు. కణం బయటే పరీక్షనాళికల్లో వాటి జోడింపులను సరిచూశారు. కార్బన్‌ను పక్కదారి పట్టించే సొంత జన్యువులను తొలగించారు. అన్నీ కుదిరాక 120 లీటర్ల తొట్టెలో అసిటోన్, ఐసోప్రొపనాల్ తీసి చూపించారు. ఇది చిన్న విజయం కాదు. ఈ జీవులు బొటాబొటి శక్తితో బతుకుతాయి, ఉత్పత్తికి శక్తి కాస్త ఎక్కువ పట్టినా పెరుగుదల కుంటుపడుతుంది. బయటి డీఎన్‌ఏ లోపలికి వస్తే ముక్కలు చేసేస్తాయి. అసిటోన్ మార్గం వాటి శక్తి పద్దుకు సరిపడింది కనుక సాధ్యమైంది. ప్రతి రసాయనానికీ ఇలా కుదరదు.

అయితే ఆ పరిశోధన ప్రకటించిన ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. కిలో అసిటోన్ తయారీతో 1.78 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైనది వాతావరణానికి చేరకుండా ఆగుతుందని లెక్క తేల్చారు. తప్పేమీ లేదు, కాకపోతే అది కర్మాగారం గేటు దాకా వేసిన లెక్క. కిలో అసిటోన్‌లో ఉన్న కార్బన్ పూర్తిగా ఆక్సీకరణమైతే దాదాపు 2.27 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రావకంగా వాడితే అది కొద్ది నిమిషాల్లో గాల్లో కలిసిపోతుంది. అప్పుడు ఆ ఆదా కాస్తా అర కిలో ఉద్గారంగా తేలుతుంది. అదే అసిటోన్ గట్టి ప్లాస్టిక్‌లో భాగమై ఏళ్ల తరబడి నిలిచిపోతే లాభం మిగులుతుంది. ముడిచమురు నుంచి చేసే అసిటోన్‌తో పోలిస్తే రెండు సందర్భాల్లోనూ ఇదే మేలు, అందులో అనుమానం లేదు. కానీ ‘కార్బన్‌ను పీల్చేసే పరిశ్రమ’ అని గొప్ప చెప్పుకోవడానికి ముందు ఆ వస్తువు చివరికి ఏమైందో చెప్పాలి.

ఈ రంగంలో మూతపడ్డ సంస్థలను చూసినా, వాటిని ముంచింది జీవశాస్త్రం ఒక్కటే కాదని తెలుస్తుంది. బ్రిటన్‌లో ఐసీఐ సంస్థ 1980ల మొదట్లో బిల్లింగ్‌హామ్‌లో సహజవాయువు నుంచి చేసిన మిథనాల్‌ను బ్యాక్టీరియాకు మేపి ‘ప్రుటీన్’ అనే పశుదాణా తయారుచేసింది. ఆనాటికి ప్రపంచంలోనే అతిపెద్ద పులియబెట్టే తొట్టె అది. జన్యువును మార్చి దిగుబడిని కొంత పెంచవచ్చని కూడా ఐసీఐ శాస్త్రవేత్తలు అప్పుడే చూపించారు. సోయా ధర తక్కువగా ఉండి, ఇంధన ధర పెరగడంతో అదంతా మూతపడింది. అమెరికాలో ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో ఇనియోస్ బయో చెత్తాచెదారాన్ని వాయువుగా మార్చి ఇథనాల్ తీయబోయింది. ఆ వాయువులోని హైడ్రోజన్ సయనైడ్ బ్యాక్టీరియా ఊపిరి ఆపేసింది. శుద్ధి యంత్రాలు పెట్టేసరికి ఆలస్యమైంది, 2016లో ఆ వ్యాపారానికే తెరపడింది. ఘెంట్, పానిపట్ ప్లాంట్లకు పరిజ్ఞానం అందించిన లాంజాటెక్ సైతం 2023లో నాస్‌డాక్‌లో నమోదైన రెండేళ్లకే, తన మనుగడపై గట్టి సందేహాలున్నాయని మదుపరులకు చెప్పుకోవలసి వచ్చింది. పైగా కార్బన్ మోనాక్సైడ్ నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాములు కూడా కరగదు. దాన్ని సన్నని బుడగలుగా నిరంతరం నీటిలోకి తోయడానికి కరెంటు కావాలి, ఎత్తైన తొట్టెలు కావాలి. ఈ ఖర్చులు అణువుల స్థాయిలో మాయమయ్యేవి కావు.

మన రాష్ట్రాల్లో ఈ వాదనకు మరో కోణం ఉంది. ధాన్యం నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాల మీద జనం తిరగబడుతున్నారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో గ్రామస్థులు జాతీయ రహదారిని దిగ్బంధించడంతో ప్రభుత్వం పనులు ఆపాల్సి వచ్చింది. భూమి, నీరు, కంపు ఆ గొడవకు మూలం. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం కోసం మొక్కజొన్న, ఎఫ్‌సీఐ బియ్యం డిస్టిలరీలకు తరలుతున్న దేశంలో, గింజ అక్కర్లేని ఇథనాల్ మేలు కాదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ పోటీలో వాయువు ఇథనాల్‌దే పైచేయి, ఒప్పుకోవాలి. ఎకరం పొలం అక్కర్లేదు, బోరు బావి ఎండదు. కాకపోతే ఇది గింజ ఇథనాల్‌కు వ్యతిరేకంగా నిలిచే వాదన. ఉక్కు మిల్లు వాయువును దేనికి వాడాలన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

జన్యువులు మార్చిన జీవి బయటపడితే ఎలా అన్న భయాన్ని మాత్రం ఎక్కువసేపు పట్టించుకోనక్కర్లేదు. ఆక్సిజన్ తగిలితే బతకలేని జీవి ఇది. మూసిన ఉక్కు తొట్టెలో ఉంటుంది. సిద్ధబీజాలు ఏర్పరచే కుటుంబానికి చెందింది కనుక జాగ్రత్త తప్పదు. దానికి 1989 నాటి నిబంధనలు, జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ ఉండనే ఉన్నాయి. అంతకన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. పక్కన ఇథనాల్ ప్లాంటు కట్టాక బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్‌ను మూయడానికి యజమానికి మనసొప్పదు, వాయువు కూడా ఆదాయమైపోతుంది కాబట్టి. 2030-31 నాటికి ఉక్కు సామర్థ్యాన్ని 30 కోట్ల టన్నులకు పెంచాలనుకుంటున్న దేశానికి ఇది ఊహాజనిత ప్రమాదం కాదు. దీనికి మందు ప్లాంటును నిషేధించడం కాదు. ఇప్పుడు కడుతున్న ఫర్నేసులు ఎలాగూ కొన్ని దశాబ్దాలు నడుస్తాయి. మద్దతు గడువును ఆ ఫర్నేసు తదుపరి పునర్నిర్మాణానికి ముడిపెట్టి, ఆ తర్వాత పొడిగించకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది.

నిజంగా వృథా అయ్యే వాయువు చిన్నచిన్న మోతాదుల్లో, దూరదూరంగా ఉంటుంది. పోగై ఒకచోట దొరికే వాయువేమో పూర్తిగా వృథా కాదు. ఈ పరిశ్రమ పడుతున్న అసలు చిక్కు ఇది. చమురు బావుల దగ్గర ప్రపంచవ్యాప్తంగా 2023లో 14,800 కోట్ల ఘనపు మీటర్ల వాయువు ఫ్లేర్‌లలో కాలిపోయిందని ప్రపంచ బ్యాంకు అంచనా. అందులో ఎక్కువ భాగం పైపులైను వేయడానికి గిట్టుబాటు కాని చోట్ల ఉంది. అలాంటి చోటికి మీథేన్ తినే బ్యాక్టీరియా, లారీలో తెచ్చి దించగల చిన్న తొట్టె బాగా నప్పుతాయి. బెంగళూరులోని స్ట్రింగ్ బయో పనిచేస్తున్నది మీథేన్ మీదే. ఉత్పత్తి కూడా ఇంధనమే కానక్కర్లేదు. వాయువు మీద పెంచిన క్లాస్ట్రీడియం మాంసకృత్తును పశుదాణా పదార్థంగా చైనా వ్యవసాయ శాఖ 2021లోనే అనుమతించింది. దేశంలో రొయ్యల సాగుకు ఆయువుపట్టయిన గోదావరి, కృష్ణా, నెల్లూరు చెరువుల్లో మేత ఖర్చే రైతు నడ్డి విరుస్తోంది. ఆ మేతలోకి వెళ్లే చేపపొడి, సోయాలలో కొంత భాగానికైనా ఇలాంటి మాంసకృత్తు ప్రత్యామ్నాయం కాగలిగితే, లీటరు ఇథనాల్ కన్నా దాని విలువ ఎక్కువ. ఐసీఐని ముంచిన సోయా ధర దీన్నీ ముంచవచ్చు. ఆ సంగతి దాణా కంపెనీలు, రైతులు ప్రయోగ స్థాయిలోనే తేల్చుకోవాలి.

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించిన బయోఈ3 విధానం కార్బన్‌ను పట్టి వాడుకోవడాన్ని ప్రాధాన్య రంగాల్లో చేర్చింది. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం ఉక్కు లాంటి పరిశ్రమలకు ఉద్గార తీవ్రత లక్ష్యాలను తెస్తోంది. ఈ రెండూ కలిసే చోట ఒక కన్నం ఉంది. ఉక్కు కంపెనీ తన వాయువును ఇథనాల్‌గా మార్చి అమ్మేసి తన ఉద్గారం తగ్గిందంటుంది. దాన్ని కొన్న చమురు కంపెనీ తన ఇంధనం హరితమంటుంది. కార్బన్ మాత్రం ఒక్కటే, అది కారు పొగగొట్టంలోంచి గాల్లోకే పోయింది. యూరప్ ఉద్గార వాణిజ్య నియమాల్లో కార్బన్‌ను వస్తువులో శాశ్వతంగా బంధిస్తేనే మినహాయింపు ఉంటుంది, మండిపోయే ఇంధనానికి ఉండదు. 2026 నుంచి వర్తించే యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను కింద మన ఉక్కు ఎగుమతులను తూచేదీ ఆ లెక్కలతోనే. మనం ఇంట్లో ఇచ్చుకున్న క్రెడిట్ ఆ గుమ్మం దాటదు. కాబట్టి ఏ తగ్గింపు ఎవరి ఖాతాలో రాయాలో క్రెడిట్లు జారీ కాకముందే నియమం పెట్టాలి. ఇంధన ఇథనాల్ అయితే ఒక్కరి ఖాతాలోనే రాయాలి. దానితోపాటు మద్దతు కోరే ప్రతి ప్లాంటూ మూడు అంకెలు బహిరంగంగా ప్రకటించాలి: ఏడాదిలో ఎంత వాయువు మళ్లించింది, అంతకుముందు అందులో ఎంత ఫ్లేర్‌లో కాలింది, మళ్లించాక ఆ లోటును ఏ ఇంధనంతో పూడ్చింది. గ్యాస్ హోల్డర్ ఉన్న ప్రతి కర్మాగారం కంట్రోల్ రూమ్‌లోనూ ఈ అంకెలు పూటపూటకూ నమోదవుతూనే ఉంటాయి. చమురు కంపెనీలు లీటరుకు చెల్లించే ధరను వాటికి ముడిపెట్టడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు.